వరి మొగి పురుగుది ఏ కుటుంబం? ముక్కు చిలుకల వర్గీకరణ: పురుగును చేతపట్టి చూసే పద్ధతి

అడిగిన ప్రశ్న ఇది: "మహారాష్ట్రలోని సిరొంచ తాలూకా అంకీస దగ్గర మా వరి పొలంలో దీపపు ఎర పెట్టాను. పసుపు రెక్క మీద నల్ల చుక్క ఉన్నది మొగి పురుగని గుర్తుపట్టాను. పాత తెలుగు పాఠ్యపుస్తకంలో దాని కుటుంబం పైరాలిడే అని ఉంది. మరాఠీ కరపత్రంలో ఖోడ్‌కిడా (కాండం తొలుచు పురుగు) కింద క్రాంబిడే అని ఉంది. ఏది సరి? ఇంట్లో భూతద్దం ఉంది, కాలేజీలో మైక్రోస్కోపు దొరుకుతుంది. ఈ రెండు కుటుంబాలను నేనే విడదీసి చూడగలనా? చూస్తే సేద్యానికి ఏమైనా పనికొస్తుందా?"

ఇప్పటి లెక్కలో క్రాంబిడే సరి. అలాగని పాత పుస్తకం తప్పు రాయలేదు. అది రాసిన రోజుల్లో ఈ పురుగులన్నీ పైరాలిడే అనే ఒక్క ఇంటిపేరు కిందే ఉండేవి. జార్జ్ హాంప్సన్ 1896లో బ్రిటిష్ ఇండియా చిలుకల (ఇంగ్లీషులో మాత్‌లు, సీతాకోకల్లాంటి రెక్కల పురుగులు) మీద రాసిన నాలుగో సంపుటంలో అన్నింటినీ ఒకే పైరాలిడేలో పెట్టి, లోపల ఉపకుటుంబాలుగా విడదీశాడు. మన దేశంలో వ్యవసాయ పుస్తకాలు చాలాకాలం ఆ దారినే నడిచాయి. 1925లో కార్ల్ బోర్నర్ వీటిలో రెండు తెగలున్నాయని చూపించాడు. 1980ల మొదట్లో ఫ్రాన్స్‌కు చెందిన జోయెల్ మినే చెవి నిర్మాణం ఆధారంగా రెండింటినీ వేర్వేరు కుటుంబాలుగా నిలబెట్టాడు. 2012లో వచ్చిన జన్యు పరిశీలన కూడా ఆ విభజననే బలపరిచింది. కాబట్టి ఇప్పుడు పైరలాయిడియా అనే పెద్ద గుంపు, దాని కింద పైరాలిడే, క్రాంబిడే అనే రెండు కుటుంబాలు. ప్రపంచం మొత్తం మీద పేరు పెట్టినవి సుమారు 16 వేల జాతులు, అందులో పెద్ద వాటా క్రాంబిడేది.

పాత పుస్తకాలు చదివేటప్పుడు ఒక కిటుకు గుర్తుంచుకోండి. పేరు చివర 'ఆయిడియా' అని ఉంటే పెద్ద గుంపు, 'ఇడే' అని ఉంటే కుటుంబం, 'ఇనే' అని ఉంటే ఉపకుటుంబం. కుటుంబం మారినా ఉపకుటుంబం చాలావరకు మారలేదు. మొగి పురుగు పాత పుస్తకంలోనూ షీనోబినే, కొత్తదానిలోనూ షీనోబినే. అందుకని పాత పుస్తకంలో కుటుంబం పేరు వదిలేసి ఉపకుటుంబం చూడండి. ఒక్కచోట జాగ్రత్తగా ఉండాలి: పాత పైరాస్టినేలోంచి స్పైలోమెలినే అనే పెద్ద ముక్క విడిపోయింది. వరి ఆకుముడత, కందిలో మరుకా మచ్చల పురుగు, వంగ కాయతొలుచు పురుగు ఇప్పుడు ఆ స్పైలోమెలినే కిందికి వస్తాయి.

జాతి పేరు పక్కన దాన్ని మొదట వర్ణించినవాడి పేరు బ్రాకెట్లలో ఉంటే, ఆ జాతిని తర్వాత వేరే ప్రజాతిలోకి మార్చారని అర్థం. మొగి పురుగు పేరు స్కిర్పోఫాగా ఇన్సర్టులస్ (వాకర్) అని రాస్తారు. వాకర్ దాన్ని 1863లో కైలో ఇన్సర్టులస్ అన్నాడు. మధ్యలో షీనోబియస్ అన్నారు, ట్రైపోరైజా అన్నారు. పాత కరపత్రాల్లో ట్రైపోరైజా అని కనిపిస్తే కొత్త పురుగేదో వచ్చిందని అనుకోవద్దు. మీ పొలంలోదే.

ఇక అసలు విషయం. ఈ గుంపుకు 'ముక్కు చిలుకలు' అనే పేరు తల ముందుకు పొడుచుకొచ్చిన జత భాగాల వల్ల వచ్చింది. అవి ముక్కూ కావు, తొండమూ కావు. కింది పెదవికి ఇరువైపులా ఉండే పాల్ప్‌లు, అంటే వాసన తెలుసుకునే చిన్న కాళ్లలాంటివి. తేనె పీల్చే తొండం వీటి మధ్యలో గడియారం స్ప్రింగులా చుట్టుకొని ఉంటుంది. మొదటిసారి చూసేవాళ్లు పాల్ప్‌లను తొండం అనుకొని, దాని పొడవు కొలిచి కుటుంబం చెప్పేస్తారు. నేర్చుకునేవాళ్లలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

పైగా ఈ ముక్కును నమ్మడానికి లేదు. బియ్యం డబ్బాలో దొరికే బియ్యపు చిలుకను, కోర్సైరా సెఫలోనికాను తీసుకోండి. ఆడదానికి పాల్ప్‌లు పొడవుగా, సూటిగా ముందుకు ఉంటాయి. మగదానికి పొట్టిగా, మొద్దుగా, పొలుసుల్లో కలిసిపోయి దాదాపు కనిపించవు. ఒకే డబ్బాలో పుట్టిన అన్నాచెల్లెళ్లలో ఒకదానికి ముక్కుంది, ఒకదానికి లేదు. తేనెపట్టును తినే మైనపు చిలుక గల్లేరియాలోనూ అంతే. ఇంకోవైపు, టేకు ఆకులు తినే హిబ్లియా ప్యూరాకు ముక్కు బాగా కనిపిస్తుంది, కానీ అది ఈ గుంపులోదే కాదు. కాబట్టి ముక్కు చూసి 'అనుమానం' పెట్టుకోవచ్చు, 'నిర్ణయం' చేయకూడదు.

నిర్ణయం చెవి దగ్గర జరుగుతుంది. ఈ చిలుకల చెవులు తల మీద ఉండవు, పొట్ట మొదట్లో, అడుగు వైపు, రెండో ఖండం దగ్గర ఎడమా కుడీ రెండు గిన్నెల్లా ఉంటాయి. రాత్రి గబ్బిలం వేటాడుతూ వదిలే శబ్దం, మన చెవికి అందనిది, వీటికి వినబడుతుంది. విన్న వెంటనే దిశ మార్చుకొని కిందికి పడిపోతాయి. మైనపు చిలుక 300 కిలోహెర్ట్జ్ దాకా వినగలదని 2013లో తేలింది. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది.

గిన్నె నోటికి డప్పు మీది తోలులా పల్చని పొర బిగించి ఉంటుంది. పక్కనే ఇంకో పొర దాన్ని ఆనుకుని ఉంటుంది. పైరాలిడేలో ఈ గిన్నె ముందువైపు మూసుకుపోయి నిండు బుడగలా కనిపిస్తుంది, రెండు పొరలూ ఒకే మట్టంలో ఉంటాయి. క్రాంబిడేలో గిన్నె ముందువైపు, లోపలి మూల దగ్గర తెరిచి ఉంటుంది, రెండు పొరలూ మడత పెట్టినట్టు కోణంలో కలుస్తాయి. అంతేకాదు, క్రాంబిడేలో రెండు చెవుల నడుమ ముందుకు వచ్చిన ఒక చిన్న రెమ్మ ఉంటుంది, దాన్ని ప్రీసింక్టోరియం అంటారు. పైరాలిడేలో ఆ రెమ్మ ఉండదు. స్పైలోమెలినేలో ఆ రెమ్మ చివర రెండుగా చీలి ఉంటుంది, పైరాస్టినేలో చీలిక ఉండదు. మైక్రోస్కోపు కింద ఈ చిన్న రెమ్మను ఒకసారి స్పష్టంగా చూస్తే మళ్లీ మర్చిపోరు.

చూసే పద్ధతి చెబుతాను. మొదటి ప్రయత్నానికి మొగి పురుగు వద్దు. వరి ఆకుముడత చిలుకను క్రాంబిడే నమూనాగా, బియ్యపు చిలుకను పైరాలిడే నమూనాగా తీసుకోండి. రెండూ ఇంటి దగ్గరే కావలసినన్ని దొరుకుతాయి. పురుగు పొడిగా ఉంటే ముందు తడిగుడ్డ పరిచిన మూతడబ్బాలో ఒక రాత్రి ఉంచి మెత్తబరచండి. తర్వాత సన్నని సూదితో పొట్టను కిందినుంచి పైకి, వీపు వైపుకి నెట్టి విరవండి. కిందికి లాగితే చెవి పొరలూ మధ్య రెమ్మా చిరిగిపోతాయి, ఇంక ఆ పురుగు పనికిరాదు.

విరిగిన పొట్టను 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేయాలి. 100 మిల్లీలీటర్ల నీటికి 10 గ్రాముల బిళ్లలు. నీళ్లలో బిళ్లలు ఒక్కొక్కటిగా వేయండి, బిళ్లల మీద నీళ్లు పోయవద్దు, వేడెక్కి చిమ్ముతుంది. గాజు సీసా లేదా పింగాణీ గిన్నె మాత్రమే వాడండి. అల్యూమినియం గిన్నెను ఆ ద్రావణం తినేస్తుంది. కంటికి అద్దాలు, చేతికి తొడుగులు తప్పనిసరి. మామూలు వేడిలో రాత్రంతా నానబెట్టవచ్చు, తొందరగా కావాలంటే సీసాను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి 10 నుంచి 20 నిమిషాలు. నేరుగా మంట మీద పెట్టవద్దు.

లోపలి కండ మెత్తబడ్డాక పొట్టను నీళ్లలోకి మార్చి, సన్న కుంచెతో పొలుసులు తుడవండి. చెవుల దగ్గర కుంచెను ముందునుంచి వెనక్కి మాత్రమే కదపాలి. ఆ తర్వాత 30 శాతం, ఆపైన 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చి, పొట్ట అడుగు పైకి వచ్చేలా పడుకోబెట్టి 20 నుంచి 40 రెట్ల పెద్దది చేసి చూడండి. అంతా గాజులా తెల్లగా ఉండి ఏమీ తెలియకపోతే క్లోరజోల్ బ్లాక్ రంగు ఒక చుక్క వేస్తే పొరల అంచులు నల్లగా తేలతాయి. ద్రావణంలో మరీ ఎక్కువసేపు ఉంచితే పొట్ట ముడుచుకొని నలిగిన కాగితంలా అవుతుంది. అప్పుడు మూసి ఉన్న గిన్నె కూడా తెరుచుకున్నట్టు కనిపిస్తుంది. 'పైరాలిడే అనుకుంటే క్రాంబిడే అని వస్తోంది' అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే.

ఆడ మొగి పురుగు పొట్ట నిండా గుడ్లు, కొవ్వు ఉంటాయి. దానికి ఎక్కువ సమయం పడుతుంది, పొట్ట కొసన ఉన్న గోధుమరంగు బొచ్చు కుంచ ద్రావణంలో రాలి అంతటా అతుక్కుంటుంది. అందుకే మొదటి ప్రయత్నానికి దాన్ని వద్దన్నది.

పెద్ద గుంపును గుర్తుపట్టడానికి ఇంకో లక్షణం ఉంది: తొండం మొదలు పొలుసులతో కప్పి ఉంటుంది. భూతద్దంతోనే చూడొచ్చు. అయితే ఇక్కడా రెండు గుంతలున్నాయి. ఒకటి, మొగి పురుగు ఉన్న షీనోబినేలో తొండం బాగా క్షీణించిపోయింది. రెక్కలొచ్చాక అది తినదు. తొండమే సరిగ్గా లేనిచోట పొలుసులు వెతికితే ఏమీ దొరకదు. రెండు, గెలెకియిడే కుటుంబంలోనూ తొండం మొదట పొలుసులుంటాయి. గాదెలో వడ్లను తొలిచే వడ్ల చిలుక, పత్తిలో గులాబీ పురుగు ఆ కుటుంబానివి. వాటికి పొట్ట మీద చెవులుండవు. కనుక పొలుసుల తొండం, పొట్ట అడుగున చెవులు, రెండూ కలిసి ఉంటేనే పైరలాయిడియా అనండి. చెవి ఒక్కటే కూడా చాలదు, ఎందుకంటే గజం పురుగుల కుటుంబం జియోమెట్రిడేకు కూడా పొట్ట మొదట్లోనే చెవులుంటాయి. అయితే వాటి తొండానికి పొలుసులుండవు. నాక్టుయిడే అనే ఇంకో చిలుకల కుటుంబానికి చెవులు పొట్ట మీద కాక రొమ్ము చివర ఉంటాయి.

రెక్క ఈనెలు చూడగలిగితే పొట్ట విరవకుండానే సగం పని అయిపోతుంది. రెక్కను అడుగు వైపు తిప్పి ఒక చుక్క ఆల్కహాల్ వేయండి. అది ఆరేలోపు, కొన్ని క్షణాలు ఈనెలు స్పష్టంగా కనిపిస్తాయి. ముందు రెక్కలో రేడియల్ ఈనెలను, అంటే పై అంచు వైపు నడిచే ఈనెలను, లెక్కపెట్టండి. ఐదోది, మూడు నాలుగు కలిసిన కాడ నుంచి కొమ్మలా చీలినా, దానితో పూర్తిగా కలిసిపోయినా పైరాలిడే. విడిగా తనంతట తాను బయలుదేరితే క్రాంబిడే. వెనక రెక్కలో మాత్రం రెండు కుటుంబాలకూ ఒకే పోలిక: పై అంచు దగ్గరి రెండు ఈనెలు మధ్య గది దాటాక ఆనుకుంటూనో కలిసిపోతూనో కొంతదూరం నడుస్తాయి. ఆ పోలిక చూసి 'ఇది ముక్కు చిలుకే' అని చెప్పొచ్చు, ఏ కుటుంబమో చెప్పలేరు.

మీ దగ్గరికి రెక్కల పురుగులకన్నా ఎక్కువగా లార్వాలే వస్తాయి. వాటికీ ఒక గుర్తుంది, నిజం చెప్పాలంటే నాకు అన్నిటికన్నా నచ్చిన గుర్తు ఇదే. పొట్ట ఎనిమిదో ఖండంలో, శ్వాసరంధ్రానికి పైన ఒక పొడవైన వెంట్రుక ఉంటుంది. పైరాలిడే లార్వాలో ఆ వెంట్రుక మొదలు చుట్టూ గట్టి ముదురు ఉంగరం కనిపిస్తుంది. క్రాంబిడేలో ఆ ఉంగరం ఉండదు. ఇంకొంచెం లోతుకు వెళితే, అలాంటి ఉంగరం పొట్ట మొదటి ఖండంలోనూ ఉంటే అది బియ్యపు చిలుక, మైనపు చిలుకలుండే గల్లేరినే. రొమ్ము మధ్య ఖండంలోనూ ఉంటే పైరాలిడేలోని ఇంకో ఉపకుటుంబం ఫైసిటినే. లార్వాను మరుగుతున్న నీళ్లలో అర నిమిషం ముంచి ఆ తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లో వేయండి. నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే నల్లబడి ఉంగరం కనిపించదు.

గెలెకియిడే, టార్ట్రిసిడే అనే వేరే చిలుకల కుటుంబాల లార్వాలతో గందరగోళం పడితే, తల వెనకాల మొదటి రొమ్ము ఖండంలో శ్వాసరంధ్రం ముందు ఎన్ని వెంట్రుకలున్నాయో లెక్కపెట్టండి. ముక్కు చిలుకలకు రెండు, వాటికి మూడు.

ఇప్పుడు మీ ప్రాంతపు పైర్ల మీద దీన్ని పెట్టి చూద్దాం. వరిలో మొగి పురుగు షీనోబినే. ఆకుముడత, నాఫలోక్రోసిస్ మెడినాలిస్, స్పైలోమెలినే. ఆకు ముక్క కత్తిరించి గొట్టంలా చుట్టుకొని నీళ్ల మీద తేలే పురుగు, పారాపోయింక్స్ స్టాగ్నాలిస్, అసెంట్రోపినే. పాత పుస్తకాల్లో దీన్ని నింఫ్యులా డిపంక్టాలిస్ అని రాస్తారు. ఈ మూడోదాని లార్వాను గొట్టంలోంచి తీసి నీళ్లలో పెట్టి భూతద్దంతో చూడండి. ఒంటి పక్కల పొడవున దారాల్లాంటి మొప్పలు కదులుతుంటాయి. సీతాకోకలూ చిలుకలూ ఉన్న వర్గం మొత్తంలో నీటి కింద ఊపిరి పీల్చే లార్వాలు ఉన్నది ఎక్కువగా ఈ ఉపకుటుంబంలోనే. నీళ్లే దానికి ఊపిరి కాబట్టి పొలంలో నీళ్లు తీసేస్తే దాని పని అయిపోతుంది. కిరోసిన్‌లో తడిపిన తాడును ఇద్దరు పట్టుకొని పైరు మీదుగా లాగి గొట్టాలను నీళ్లలోకి రాల్చి, ఆ తర్వాత నీళ్లు బయటికి వదిలే పద్ధతి అందుకే పనిచేస్తుంది. ఆకుముడత మీద ఈ నీళ్లు తీసే పద్ధతి వల్ల లాభం లేదు, అది ఆకు మడతలో పొడిగా బతుకుతుంది.

జొన్న, మొక్కజొన్న కాండం తొలిచే కైలో పార్టెల్లస్ క్రాంబినేలోది, ఇందులో పాల్ప్‌లు నిజంగానే కొట్టొచ్చినట్టు పొడవుగా ఉంటాయి. వంగ మొవ్వు, కాయ తొలిచే ల్యూసినోడెస్ ఆర్బొనాలిస్, పత్తి ఆకు చుట్టేది, పొట్ల, దోస ఆకులను గీకే డయాఫానియా ఇండికా, నువ్వు మొవ్వు అల్లే యాంటిగాస్ట్రా, ఆముదం కాయ తొలిచే కోనోగెథిస్, అన్నీ క్రాంబిడేనే. పొలంలో కనిపించే ముక్కు చిలుకల్లో ఎక్కువ భాగం క్రాంబిడే, గాదెలో, పిండిలో, తేనెపట్టులో కనిపించేవి ఎక్కువగా పైరాలిడే అని ఒక మోటు లెక్క పెట్టుకోవచ్చు. అయితే దీన్ని అడ్డదారిగా వాడితే కందిలో దెబ్బతింటారు.

కందిలో రెండూ ఉంటాయి. పువ్వులనూ కాయలనూ సాలీడు గూడులా అల్లేసి లోపల తినేది మరుకా మచ్చల పురుగు, మరుకా విట్రాటా, క్రాంబిడే. లార్వా తెల్లగా, ప్రతి ఖండం మీద నల్ల మచ్చల జతలతో ఉంటుంది. రెక్కల పురుగు ముదురు గోధుమ రంగు ముందు రెక్కల్లో అద్దం బిళ్లల్లాంటి తెల్ల కిటికీలు, దాదాపు పారదర్శకమైన వెనక రెక్కలతో, రెక్కలు పరచుకొని కూర్చుంటుంది. అదే కంది కాయలో అల్లిక లేకుండా లోపలే గింజ తింటూ ఉండేది ఎటియెల్లా జింకెనెల్లా, పైరాలిడేలో ఫైసిటినే. దాని లార్వా చిన్నప్పుడు పచ్చగా ఉండి పెరిగాక ఎరుపు కలిసిన రంగుకు మారుతుంది. రెక్కల పురుగు సన్నగా, బూడిద రంగులో, ముందు రెక్క పై అంచున ఒక తెల్ల గీతతో, రెక్కలు ఒంటికి చుట్టుకొని కూర్చుంటుంది. ఫైసిటినేను నిర్ధారించే చక్కని గుర్తు ఆడదాని దగ్గర ఉంది. ముందు వెనక రెక్కలను కలిపి పట్టే ముల్లు ఇతర ముక్కు చిలుకల ఆడవాటికి రెండు లేదా మూడు పాయలుగా ఉంటే, ఫైసిటినే ఆడదానికి మగదానిలాగే ఒక్క పాయే ఉంటుంది. వెనక రెక్క మొదట్లో పొలుసులు తుడిచి 30 రెట్లు పెద్దది చేస్తే కనిపిస్తుంది.

టేకు విషయం మీ దగ్గర చాలా ముఖ్యం. ఆలాపల్లి వైపు టేకు అడవిలో ఆకులు తినే రెండు పురుగులను జనం ఒకటే అనుకుంటారు. వానలు పడగానే లేత ఆకులను నడిమి ఈనె దాకా పూర్తిగా తినేది హిబ్లియా ప్యూరా. దీన్ని హాంప్సన్ నాక్టుయిడేలో పెట్టాడు, తర్వాత కొంతకాలం ముక్కు చిలుకల పక్కన నిలబెట్టారు, ఇప్పుడు హిబ్లియిడే అని సొంత కుటుంబం. వానాకాలం వెనుకబడ్డాక ముదిరిన ఆకుల్లో ఈనెలన్నీ వదిలేసి మధ్య కండ మాత్రమే గీకి, ఆకును జల్లెడలా చేసేది యూటెక్టోనా మకేరాలిస్. ఇది క్రాంబిడే. జల్లెడ ఆకును కిందనుంచి వెలుతురుకు పట్టి చూస్తే వల అల్లినట్టు ఈనెలు నిలిచి ఉంటాయి. ఆకు చూసే చెప్పగలిగేంత తేడా ఇది, చెవి దాకా వెళ్లనక్కర్లేదు.

సేద్యానికి ఏం పనికొస్తుందన్నదానికి జవాబు వరి నుంచే చెబుతాను. మరాఠీ కరపత్రంలో ఖోడ్‌కిడా అనే ఒక్క మాట కింద రెండు పురుగులు దాక్కుంటాయి. పివళా (పసుపు) ఖోడ్‌కిడా మొగి పురుగు, అది క్రాంబిడే. గులాబీ ఖోడ్‌కిడా సెసామియా ఇన్ఫెరెన్స్, అది నాక్టుయిడే, ముక్కు చిలుక కానే కాదు. రెండూ మొవ్వు ఎండబెడతాయి, రెండూ తెల్ల కంకులు తెస్తాయి, పైకి ఒకే నష్టం. కానీ మొగి పురుగు ఆకు కొసన గుడ్లను గుంపుగా పెట్టి గోధుమరంగు బొచ్చుతో కప్పుతుంది. అందుకే నాటే ముందు నారు కొసలు తుంచితే గుడ్లు కొన్ని పోతాయి. సెసామియా ఆకు తొడుగు లోపల వరుసగా, బొచ్చు లేకుండా గుడ్లు పెడుతుంది. నారు కొసలు తుంచినా దానికేమీ కాదు. మొగి పురుగు లింగాకర్షక ఎరకు, అంటే ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించే ఎరకు, సెసామియా రాదు. ఎండిన మొవ్వు చీల్చి లార్వాను చూడండి. పాలిపోయిన పసుపు, ఒక కాండంలో మామూలుగా ఒక్కటే ఉంటే మొగి పురుగు. ఒళ్లంతా గులాబీ అయితే సెసామియా. రంగు మీద అనుమానముంటే పొట్ట కాళ్ల అడుగున కొక్కేలు చూడండి. మొగి పురుగుకు అవి చుట్టూ గుండ్రంగా వరుస కట్టి ఉంటాయి, సెసామియాకు ఒక పక్కనే అర్ధచంద్రంగా ఉంటాయి.

ఎరబుట్టల దగ్గర ఇంకో పెద్ద పొరపాటు జరుగుతుంది. లింగాకర్షక ఎరకు మగవే వస్తాయి. మగ మొగి పురుగు పసుపు కాదు, దానికి ఆ నల్ల చుక్క ఉండదు. ఆడదానికన్నా చిన్నగా, లేత గోధుమ రంగులో, ముందు రెక్క అంచు దగ్గర వరుసగా చిన్న చిన్న ముదురు చుక్కలతో ఉంటుంది. పసుపు రెక్క, నల్ల చుక్క కోసం బుట్టలో చూసి, 'వేరే ఏవో గోధుమ పురుగులు పడ్డాయి, మొగి పురుగు లేదు, ఎర పనిచేయలేదు' అని బుట్టలు తీసేస్తారు. దీపపు ఎరలో అయితే ఆడా మగా రెండూ పడతాయి కాబట్టి ముందు అక్కడ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. మూకుమ్మడిగా మగవాటిని పట్టడానికి ఎకరాకు 8 బుట్టలు, పైరు పైభాగానికి కొంచెం ఎత్తులో కట్టాలి, పైరు పెరిగేకొద్దీ పైకి జరపాలి. వేర్వేరు జాతుల ఎరలను ఒకే చేత్తో తాకితే వాసనలు కలుస్తాయి. పొలంలో చదరపు మీటరుకు ఒక రెక్కల పురుగు లేదా ఒక గుడ్ల గుంపు కనిపిస్తే నివారణ మొదలుపెట్టాల్సిన హద్దు అది.

రెండు కుటుంబాలూ ఒకే పనిలో కలిసే చోటు కూడా ఉంది. మొగి పురుగు గుడ్లను చంపే ట్రైకోగ్రామా జపోనికమ్ అనే సూదిమొనంత పరాన్నజీవిని ల్యాబుల్లో పెంచేది బియ్యపు చిలుక గుడ్ల మీదే. నలగ్గొట్టిన జొన్నలోనో సజ్జలోనో కోర్సైరాను పెంచి, దాని గుడ్లను 15 వాట్ల అల్ట్రావయొలెట్ ట్యూబు కింద అరగంట నుంచి ముప్పావుగంట ఉంచి లోపలి పిండాన్ని చంపుతారు. లేకపోతే ఆ గుడ్లు అంటించిన కార్డు మీద పురుగులు పొదిగి మిగిలిన గుడ్లను తినేస్తాయి. ఒక సీసీ గుడ్లు సుమారు 16 నుంచి 18 వేలు. పైరాలిడే గుడ్డులో పెరిగినది పొలంలో క్రాంబిడే గుడ్డును వెతుక్కుంటుంది. ఆకుముడతకు మాత్రం ట్రైకోగ్రామా కైలోనిస్ కార్డు అడగండి, రెండు కార్డులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి వెనక రాసిన పేరు చదివే తీసుకోండి.

మీరు దాచుకునే నమూనాలకు చీటీ తప్పక రాయండి. ఊరు, తాలూకా, జిల్లా, తేదీ, ఏ పైరు మీద దొరికింది, దీపపు ఎరా, లింగాకర్షక ఎరా, లార్వా నుంచి పెంచినదా, అన్నీ పెన్సిలుతో లేదా నీటికి కరగని సిరాతో. ఆల్కహాల్‌లో బాల్‌పెన్ రాత వారంలో పోతుంది. విరిచిన పొట్టకూ దాని ఒంటికీ ఒకే నంబరు వేయండి. పొట్టను చిన్న గాజు గొట్టంలో గ్లిజరిన్ చుక్కతో ఉంచి, అదే పురుగు సూదికి గుచ్చేయండి. జాతి తేలకపోతే చీటీ మీద 'క్రాంబిడే, స్పైలోమెలినే, వరి' అన్నంతవరకు రాస్తే చాలు. జాతి పేరు ఊహించి రాసిన నమూనాను తర్వాత చూసేవాళ్లు మొదటినుంచి మళ్లీ విప్పి చూడాల్సి వస్తుంది.